వార్త వ్రాయువాడును సాక్షియే

(నరసన్నపేట పఠనమందిరమున నొక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



పత్రికలనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను సంపాదకుడను గాను. వృత్తిచే న్యాయవాదిని, సెలవు దినములలో గ్రంథాలయోద్యమమునకు పుస్తకముల మూటలు మోయు సేవకుడను. ఐనను ఈ విషయమున మాటలాడుటకు నాకొక యర్హత గలదు. ఒకప్పుడు నేను వార్తలు వ్రాసితిని. వానిలో నొకటి తప్పు వ్రాసితిని. ఆ తప్పు నేటికిని నన్ను విడువలేదు. దానిని మొదట చెప్పివేసినగాని తక్కినమాట లాడుటకు నాకు నోరు రాదు.

ఇరువదియేండ్ల నాటి మాట. న్యాయశాస్త్రము చదువుచు, చేతిఖర్చులకై యొక దినపత్రికకు మండల విలేకరిగా నుంటిని. పేరు విలేకరియే గాని జీతము లేదు. అచ్చుపడిన వార్తను కొలిచి సెంటీమీటరున కింతయని ముట్టజెప్పెడివారు. ఒకనాడు ఠాణానుండి కబురు వచ్చెను. పోయి చూడగా బల్లమీద నగలు పరచియుండెను. వెనుక ముఖమునకు గుడ్డ కప్పి యొకనిని నిలువబెట్టియుండిరి. పెండ్లిండ్లలో వంటచేయు మేస్త్రీ యట. పెండ్లివారి యింట నగలు దొంగిలించెననియు, నేర మొప్పుకొనెననియు అధికారి యొక కాగితము చదివి, నకళ్లు మాకు పంచిపెట్టెను. నేనా కాగితమును గదికి దెచ్చి, వాక్యములు రెండు మూడు సవరించి, 'నగలదొంగ దొరికినాడు' అని శీర్షిక పెట్టి పంపితిని. ముఖమునకు గుడ్డ యుండెను గాని కాగితమున పేరు, తండ్రిపేరు, ఊరు, వీధి యన్నియు నుండెను. అన్నియు వ్రాసితిని. మరునాడు పదునాలుగు సెంటీమీటర్లు వచ్చెను. సంతోషించితిని.

నాలుగేండ్లకు, నల్లకోటు తొడిగిన క్రొత్తలో, వేరొక వ్యాజ్యపు వాయిదాకై కోర్టులో కూర్చుండియుండగా ఆ పేరు పిలిచిరి. తీర్పు చదువుచుండిరి. పంచనామాపై సంతకములు చేసిన మధ్యవర్తులు తాము ఠాణాలో తెల్లకాగితముమీద సంతకము చేసితిమని చెప్పిరట. బల్లమీది నగలు తమవి కావని పెండ్లివారే చెప్పిరట. న్యాయాధిపతి యతనిని నిర్దోషియని విడిచిపెట్టెను. ఆ గదిలో నతని బంధువులు లేరు. విలేకరి యొకడును లేడు. వరండాలో నతనియొద్దకు బోయి నే నెవడనో చెప్పుకొంటిని. అతడు కోపగింపలేదు. "బాబూ, నాను దొంగనని రాసిన చేతితోనే కానని గూడ ఓ ముక్క రాసీయండి. పేపరు ఊరందరూ సూసినారు. కోర్టుకి ఎవులొచ్చినారు?" అనెను.

ఆ నాలుగేండ్లలో నతనిని వంటకు పిలిచినవారు లేరు. గుండిగలు, గరిటెలు అద్దెకిచ్చి కొన్నాళ్లు, అమ్ముకొని కొన్నాళ్లు గడిపెను. కూతురికి సంబంధ మొకటి కుదిరి తప్పిపోయెను. మగపెండ్లివారు పత్రికనుండి కత్తిరించిన ముక్కను చూపిరట. ఏ ముక్కయో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. నేను పత్రికాకార్యాలయమునకు బోయి అడిగితిని. నాలుగేండ్లనాటి పాతవార్త, స్థలము లేదనిరి. మూడుమారులు తిరిగితిని. నాలుగవమారు పోలేదు, అప్పటికి నా పనులు నాకు వచ్చిపడినవి. మూడుమార్లు తిరిగితినని చెప్పుటకంటె నాలుగవమారు పోలేదని చెప్పుటయే న్యాయము.

మన పత్రికల చరిత్ర చదువునప్పుడెల్ల నాకీ విషయమే జ్ఞప్తికి వచ్చును. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడనుండి 'స్వరాజ్య' పత్రికను నడపుచు, తిరునల్వేలి కాల్పులను ఖండించుచు వ్రాసిన వ్యాసమునకు రాజద్రోహ నేరముపై చెరసాలకు బోయిరి. అధికమైన శిక్ష, కఠినమైన చెర. వారు వ్రాసినదానికి వారే శిక్ష ననుభవించిరి. నేను వ్రాసినదానికి మరియొకడు శిక్ష ననుభవించెను. ఈ భేదమును మనము మరచి, కలము పట్టినవారి నందరిని ఒక్కగాటనే వీరులని పొగడుట పరిపాటియైనది. పత్రికాస్వాతంత్ర్యమనగా ప్రభుత్వమునెదిరించి వ్రాయు స్వాతంత్ర్యమని హరిసర్వోత్తమరావుగారివంటివారు మనకు సంపాదించి పెట్టిరి. ఆ సొత్తును మనము పేదవానిపై వ్రాయుటకు వెచ్చించుచున్నాము.

ఇక నా వృత్తిధర్మమునుండి కొంత చెప్పెదను. కోర్టులో సాక్షి బోనెక్కగానే మేమడుగు మొదటి ప్రశ్న యొక్కటే: నీవు చూచితివా, వింటివా? వింటినన్నచో, ఎవరివలన? ఒకరు చెప్పగా విన్నమాట సామాన్యముగా సాక్ష్యము గాదు. 1872 నాటి సాక్ష్యచట్టమునందును, 2024 జులై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఈ సూత్ర మొక్కటే. మరియొకటి గలదు. పోలీసు అధికారికి ముద్దాయి చేసిన నేరాంగీకారమును అతనిపై రుజువుగా కోర్టు స్వీకరింపదు. నూటయేబదియేండ్లుగా నున్న నియమము. పరదేశపు ప్రభుత్వమే తన పోలీసుల మాటను అంతవరకు నమ్మలేదు. మన పత్రికలలోనో, 'విచారణలో నేరము నంగీకరించినాడు' అను వాక్యము లేని నేరవార్త గలదా? కోర్టు గడపదాటి లోనికి రానీయని మాటకు మనము మొదటిపేజీలో పీటవేయుచున్నాము!

తెలుగున మూడు మాటలున్నవి: అనుమానితుడు, నిందితుడు, దోషి. ఒక్కొక్కదానికి నడుమ నెన్నియో నెలల, ఏండ్ల దూరము. శీర్షిక వ్రాయు నుపసంపాదకునికి మూడింటికంటె 'దొంగ' యను రెండక్షరముల మాట పొట్టిది, వరుసలో నిముడును. ఇట్లు స్థలసంకోచముచే మనుష్యుల గౌరవములు పోవుచున్నవి. నవ్వుచున్నారు గాని నేను శీర్షికలు పెట్టినవాడను, నాకు తెలియును.

కోర్టులో ఎదుటిపక్షపు న్యాయవాది సాక్షిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగును. పత్రికలో నట్టివాడు లేడు. వార్తాలేఖకుడు చెప్పినది చెప్పినట్లు ఇంటింటికి బోవును. కావున ఆ ప్రశ్నలు తన్ను దానే వేసికొనవలెను. నేనక్కడ నుంటినా? లేనిచో చెప్పినవాడెవడు? చెప్పినందువలన వానికి లాభమేమి? రెండవవాని నడిగితినా? ఆనాడు ముఖమునకు గుడ్డ కప్పియున్న వ్యక్తిని నేనొక్క ప్రశ్నయు నడుగలేదు. అడుగవచ్చునని తోచనైన లేదు.

ఒక మాటను ఇతరులనుండి తీసికొని తన మాటగా వ్రాసినచో నెంత దూరము పోవునో మన జిల్లాలోనే చూచితిమి. సోంపేట ప్రాంతమున బీల యని పిలువబడు తంపరభూమి గలదు. బొగ్గు విద్యుత్కేంద్రమునకై తెచ్చిన కాగితములలో అది వ్యర్థభూమి. బీలను చూడనివాడు ఆ మాటనే వ్రాయును. వ్రాయుటలో నతనికి తప్పును గానరాదు, సర్కారు కాగితమున నున్నది గదా! కాని బీలగట్టున నొక ప్రొద్దు నిలిచినవానికి నీరు కనబడును, ఆ నీటితో పండు వరి కనబడును, చేపలు పట్టువారు, పసులను మేపువారు, వలసవచ్చిన పక్షులు కనబడును. 2010 జులై 14న అచ్చట పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ యా కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసెను. భూమినిగూర్చి చెప్పినది యథార్థము గాదని తేలెను. మరుసటి యేడు ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలమందలి కాకరాపల్లికడ తంపరభూమి తగవులోనే మరల కాల్పులు. 'వ్యర్థము' అను విశేషణము ఎవరిది? ఎవరికి వ్యర్థము? ఈ రెండు ప్రశ్నలు విలేకరి యొకడు మొదటనే వేసి, బస్సెక్కి సోంపేట పోయియుండినచో ఆ విశేషణము కాగితములోనే యుండిపోయెడిది.

ఇట్టిదే 'ఎదురుకాల్పులు' అను మాట. 1969, 1970 సంవత్సరములలో మన ఏజెన్సీ కొండలనుండి వచ్చిన వార్తలలో నీమాట నిత్యమయ్యెను. ఎదురు అన్నచో రెండుపక్షములును కాల్చినవని యర్థము. వ్రాసినవాడు చూచినాడా? ఆ పోరాటముపై ఎవరి యభిప్రాయ మెట్లున్నను, చూడనిదానిని చూచినట్లు వ్రాయుట మాత్రము సత్యమునకు దూరము. 'ఎదురుకాల్పులలో చనిపోయిరని పోలీసులు చెప్పుచున్నారు' అని రెండుమాటలు చేర్చిన నేమి కొరతపడును?

ఇందుచేతనే మన గిడుగు రామమూర్తి పంతులుగారి ప్రస్తావన తేవలసియున్నది. 1863లో వారు జన్మించిన పర్వతాలపేట మన జిల్లాలోనిది. ఈ గడ్డమీద నిలుచుండి నేనిట్లు 'చున్నాను, గలదు' అని మాటలాడుట చూచి వెనుకబల్లల యువకులు నవ్వుకొనుచున్నారు, నా కళ్లబడినది. గురువులవలన పట్టుబడిన అలవాటు. ఈ వయస్సున పోదు. వార్త వ్రాయువారు మాత్రము నన్ననుసరింపవలదు. వాడుకభాష సులభమని మాత్రమే చెప్పుట లేదు. ఈ గ్రాంథికమున కర్తను దాచుటకు వీలెక్కువ. 'కాల్చబడెను', 'తొలగింపబడిరి', 'స్వాధీనము చేసికొనబడెను' - కాల్చినదెవరు? తొలగించినదెవరు? వాక్యము చెప్పదు. పంతులుగారి శిష్యులు తాపీ ధర్మారావుగారు 'జనవాణి' పత్రికలో వాడుకభాషను నిలిపిరి. భాష మారెను గాని జబ్బు పోలేదు. నేటి పత్రికలలో 'లాఠీచార్జి జరిగింది' అని వ్రాయుదురు. వాన కురిసినట్లు, ఎవరును చేయకయే దానంతటది జరిగినట్లు! మన రైతు గాని, కూలి గాని ఇంటివద్ద నిట్లు మాటలాడడు. 'పోలీసులు కొట్టినారు', 'ఆళ్లు రాళ్లేసినారు' అని కర్తతో చెప్పును. అతనివలె వ్రాసిన చాలును.

పేర్ల విషయమును చెప్పవలెను. 1940 ఏప్రిల్ 1న మందసా జమీందారీలో గుడారి రాజమణిపురమున కాల్పులు జరిపినప్పుడు - చూచితిరా, 'జరిగినప్పుడు' అనబోయితిని - పోలీసులు కాల్చినప్పుడు చనిపోయిన సాసుమాన గున్నమ్మ పేరు మనకందరకు తెలియును. ఆమెతోపాటు చనిపోయినవారి పేర్లు ఈ సభలో నెందరు చెప్పగలరు? చచ్చినవారి సంఖ్య తప్పక వ్రాయుదుము, పేర్లు వ్రాయము. చిక్కిన నిందితుని సంఖ్య వ్రాయము, పేరు, వీధితో సహా వ్రాయుదుము. చట్టము పేరు వ్రాయరాదన్న చోట్లు కొన్ని గలవు: అత్యాచారమునకు గురియైనవారి పేరు, నేరమున జిక్కిన పసివారి పేరు. తక్కినచోట్ల చట్టము ఊరకున్నను మన బుద్ధి ఊరకుండరాదు. చట్టమును పూర్తిగ ఊరకుండదు; పరువునష్టపు నేరమున సత్యమొక్కటే రక్షణ గాదు, వ్రాసినది సత్యమును గావలెను, ప్రజాహితమునకును గావలెను. నేటి న్యాయసంహితలో 356వ సెక్షను అది.

ఉద్దానపు సంగతి వేరు. ఇచ్చాపురము, కవిటి, సోంపేట, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి తరములు మారినను తగ్గలేదు. ఎందరో పండితులు నీటిని, మట్టిని, రక్తమును పరీక్షించిరి. ఇదియే కారణమని నిస్సంశయముగ తేలినది లేదు. తేలలేదన్న వార్తకు శీర్షిక కుదరదు గదా! కావున నేడు నీటిలోని సిలికా, రేపు పురుగులమందు, ఎల్లుండి మరియొకటి. ప్రతిమారును 'కారణము కనుగొనిరి' అనియే. ఒక పరీక్షలో నొక యనుమానము కలిగినదని వ్రాయుట వేరు, తేలినదని వ్రాయుట వేరు. చదివినవాడు తన బావిని మూసివేయును, మందు మానివేయును, ఆ యూరి పిల్లను చేసికొనుటకు వెనుదీయును. పత్రికలలో మా యూరిపేరు వచ్చిన పిదప సంబంధములు తప్పుచున్నవని అచ్చటి పెద్దలు నాతో చెప్పిరి. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై పెద్ద ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. ఆ వార్త వచ్చుటకు విలేకరులు ఏండ్లతరబడి వ్రాసిన వ్రాతలును కారణమే, దానిని కాదనను. ఊరూర తిరిగి రోగుల లెక్క తీసినవారిని నేనెరుగుదును. నా ఫిర్యాదు వారిమీద గాదు, తెలియనిదానిని తెలియదని వ్రాయుటకు సిగ్గుపడువారిమీద.

మంచివార్త యెట్లుండునో చెప్పక చెడ్డవానినే లెక్కించుచున్నానని అధ్యక్షులవారు చూచుచున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానమును ఊడ్చివేసెను గదా. కొబ్బరి, జీడిమామిడి వ్రేళ్లతో లేచిపోయినవి. మేము కొందరము బియ్యపుమూటలతో బోయితిమి. పత్రికల నిండ విలయము, ప్రళయము, మృత్యుఘోష. దేనివలనను ఏ యూరికి బోవలెనో మాకు తెలియలేదు. ఒక మూలన మూడు వాక్యముల వార్త: ఫలానా యూరు, ఇన్ని యిండ్లు, దారిలో చెట్లు పడియున్నవి, కరెంటు లేక బోరు నడువదు, త్రాగు నీరు లేదు. వ్రాసినవాడు చెట్లు దాటుకొని నడచి పోయియుండవలెను. మరునాటి మాపటికి ఆ యూరికి నీళ్లబండి చేరెను. వార్తలో విశేషణ మొక్కటియు లేదు.

అట్టి విలేకరికి మనమిచ్చునదేమి? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగ బెట్టి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగ నడపిరి. వెనుక అమృతాంజనపు ఆదాయ ముండెను. తలనొప్పి మందు డబ్బుతో తలనొప్పి వార్తలు నడచినవని మా తాతగారు హాస్యమాడెడివారు. హాస్యమట్లుండగా, ఆ పత్రికకు ప్రకటనలకై యెవరి గుమ్మమునను కాచుకొనవలసిన యగత్యము తక్కువ. నేటి గ్రామవిలేకరి ఉదయము వార్త వ్రాయవలెను, మధ్యాహ్నము ఆ వార్తలో నున్న పెద్దమనుష్యునొద్దకే ప్రకటనకై పోవలెను. పండుగ శుభాకాంక్షలు, జన్మదిన శుభాకాంక్షలు అని మీరు చూచునవి అట్లు వచ్చినవే. 2009 ఎన్నికలలో అభ్యర్థుల సొమ్ము వార్తల రూపమున అచ్చుపడుటనుగూర్చి ప్రెస్ కౌన్సిల్ విచారణ పెట్టెను. ఇద్దరు సభ్యుల యుపసంఘములో మన తెలుగు పాత్రికేయ నాయకులు కె. శ్రీనివాసరెడ్డిగారొకరు. ఉపసంఘ మిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ తానే వెంటనే బయటపెట్టలేదు. కౌన్సిల్‌కు తప్పు చేసిన పత్రికను మందలించు నధికారమే గాని జరిమానా వేయు నధికారము లేదు. ఇంతకంటె దీనిని పెంచను. కడుపునకు చాలని విలేకరికి నీతులు చెప్పుటకు నాకు మొగము చెల్లదు. నేనును సెంటీమీటర్లు లెక్కపెట్టినవాడనే.

ఇంతవరకు వ్రాయువారిమాట. నేడు మీ చొక్కాజేబులలో నున్న ఫోనువలన చదువువారందరు ప్రచురించువారే యైనారు. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవని తెలుగునాట ఫోనులలో తిరిగిన పుకారువలన దారినబోవు నిరపరాధులను కొట్టిరి, చంపిరి. ఆ పుకారును వ్రాసినవాడొకడు, పంపినవారు లక్షలు. పంపిన ఏ యొక్కనిని కోర్టులో నిలువబెట్టినను 'నాకొకరు పంపిరి, నేను పంపితిని' అనును. ఠాణా కాగితమును గూర్చి ఇరువదియేండ్ల క్రిందట నేను చెప్పదగిన సమాధానమును అదియే.

మన యూరి బంగారపు అంగళ్లకు చుట్టుపట్ల పల్లెలనుండి జనము వచ్చుదురు. గీటురాయి మీద గీయక ఎంతటి స్నేహితుని నగనైనను వర్తకుడు తీసికొనడు. అందుకు స్నేహితుడును నొచ్చుకొనడు. పత్రికను చదువునపుడు ఎవరు చెప్పిరని అడుగు అలవాటును ఈ పఠనమందిరమున నేర్పవలెనని నా కోరిక.

అందుకై యొక పని మొదలిడితిమి. కార్యదర్శిగారి యనుమతితో ఈ బల్లమీద గీతల పుస్తక మొకటి పెట్టితిమి. జిల్లాపేజీలలో అరెస్టని వచ్చిన వార్తలను తేదీతో సహా ఎడమప్రక్క వ్రాయుదుము. కుడిప్రక్క ఖాళీగ నుంచుదుము. ఆ కేసులలో తీర్పులు వచ్చినప్పుడు నేనును, నా మిత్రులిద్దరును కోర్టులో చూచి కుడిప్రక్క నింపుదుము. అట్లు విడుదలయైనవారిలో తమ సంగతి అచ్చుపడవలెనని కోరినవారి తరపున పత్రికలకు వ్రాయుదుము. మరచిపోవుటయే మేలనువారి పేర్లను కొట్టివేయుదుము. ఇప్పటికి ముప్పదియొక్క పేర్లు ఎడమప్రక్క నున్నవి. కుడిప్రక్కన నాలుగు.

మొదటి పేరు ఈ యేటిది గాదు. పోయిన నెల నేనాయన యింటికి బోయి, ఈ పుస్తకమున పేరు వ్రాయవచ్చునా యని అడిగితిని. ఇప్పుడు వృద్ధుడైనాడు, కుమారుడు హోటలు నడపుచున్నాడు. కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట లోనికి బోయి, తీర్పు నకలును, మడతలు చినిగిన పత్రికముక్కను తెచ్చి రెండును నా చేతికిచ్చి, "రెండూ ఒక్క దగ్గరే అంటించండి బాబూ" అనెను. అంటించితిమి. సభ ముగిసిన పిదప చూడగోరువారు చూడవచ్చును. పుస్తకము అదిగో, పత్రికల బల్లమీద నున్నది.